పాత మియాటాకి ఎల్ఈడీలా, మామూలు బల్బులా?

నా దగ్గర 1994 నాటి మాజ్దా మియాటా ఉంది. రెండే సీట్లు, స్విచ్ వేస్తే కప్ప కళ్లలా పైకి లేచే హెడ్‌లైట్లు. డాలస్ చుట్టుపక్కల హైవేల మీద రాత్రిపూట దీన్ని నడుపుతుంటే పక్క పికప్ ట్రక్కు చక్రం నా చెవి దగ్గర తిరుగుతున్నట్టు ఉంటుంది. మనకు రోడ్డు కనపడుతుందా అన్నదానికంటే, మనం వాళ్లకి కనపడుతున్నామా అన్నదే పెద్ద టెన్షన్. ఎల్ఈడీల మీద నాకు మనసు పడింది అందుకే.

‘మొత్తం కారుకి ఎల్ఈడీ కిట్’ అని అమ్ముతుంటారు. నేనూ ఒకటి కొన్నాను. అది తప్పని తెలియడానికి రెండు నెలలు పట్టింది. కారుకి ఎల్ఈడీలు మంచివా కావా అని అడిగితే జవాబు దొరకదు. ఏ దీపానికి అన్నది ముందు తేల్చుకోవాలి.

అసలు దానికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. నా ఎడమ బ్రేక్ లైటు కుడిదానికంటే మసకగా వెలిగేది. బల్బు పాతదైపోయిందనుకున్నాను. డిక్కీ లోపలి అట్ట తీసి హోల్డర్ తిప్పి బయటికి లాగితే, ఇత్తడి అంతా పచ్చగా చిలుము. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ఎర్త్ వైరు బిగించి, కొత్త 1157 రకం బల్బు పెట్టాను. ఖర్చు మూడు నాలుగు డాలర్లు. రెండు వైపులా ఒకేలా వెలిగాయి. చిలుము పట్టిన హోల్డర్‌లో ఎల్ఈడీ పెట్టినా అది మినుకుమినుకుమంటుంది తప్ప వెలగదు.

ఇక వెనక దీపాలు. 1157లో రెండు తీగలుంటాయి. చిన్నది దాదాపు 8 వాట్లు, పార్కింగ్‌కి. పెద్దది దాదాపు 27 వాట్లు, బ్రేక్‌కి. తీగ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకి 65 మైళ్ల వేగంతో వెనక వచ్చే బండి ఆ కాస్త సమయంలో 19 అడుగులు వచ్చేస్తుంది. మియాటా పొడవే 13 అడుగులు! ఎల్ఈడీకి ఇంతకంటే బలమైన వాదన నాకు ఇంకోటి కనపడలేదు.

అయితే ఏ ఎల్ఈడీ అన్నది ముఖ్యం. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్ఈడీ పెడితే గులాబీ రంగు వస్తుంది. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలి చిప్పు, దానిమీద పసుపు పూత. అందులో ఎరుపు పాలు తక్కువ. అద్దం ఆ కాస్త ఎరుపునే బయటికి వదిలి మిగతాది మింగేస్తుంది. అందుకని ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్ఈడీ, నారింజ అద్దానికి నారింజ ఎల్ఈడీ.

రెండో సంగతి నాకు మా బావమరిది చెప్పాడు. కిట్‌లో వచ్చిన ఎర్ర బల్బులు పెట్టి, వాణ్ణి వెనక యాభై అడుగుల దూరంలో నిలబెట్టాను.

“బావా, తొక్కావా?”

“తొక్కాను.”

“ఎప్పుడు?”

పార్కింగ్ లైటే అంత ప్రకాశంగా ఉంది మరి, బ్రేక్ తొక్కినా తేడా తెలియలేదు. ఒకే దీపంలో రెండూ ఉన్నప్పుడు, నేరుగా వెనక నుంచి చూస్తే బ్రేక్ వెలుగు పార్కింగ్ వెలుగుకి కనీసం అయిదు రెట్లు ఉండాలని అమెరికా వాహన భద్రతా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 108 చెబుతుంది. చౌక బల్బుల్లో ఆ లెక్క తప్పుతుంది. పైగా వాటిలో చిప్పులన్నీ కొసన ఉండి నేరుగా వెనక్కే చూస్తాయి. తీగ వెలుగు నలువైపులా పడి రిఫ్లెక్టర్ నిండుతుంది. వీటితో నడిమధ్య ఒక చుక్క మెరుస్తుంది, చుట్టూ చీకటి. ఏటవాలు నుంచి వచ్చేవాడికి అది సరిగా కనపడదు. పక్కలకి కూడా చిప్పులున్న రకం, పేరున్న కంపెనీది, తర్వాత కొన్నాను. ఈసారి వాడు “ఆఁ, ఇప్పుడు తెలుస్తోంది” అన్నాడు. మీరు కూడా ఎవరినైనా వెనక నిలబెట్టి చూడండి, పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి.

కారు పక్కల వెలిగే చిన్న 194 రకం బల్బుల బదులు ఎల్ఈడీ పెట్టేయొచ్చు, ఆలోచించేదేం లేదు. పెట్టాక వెలగకపోతే పాడైందనుకోకండి, తీసి తిప్పి పెట్టండి. ఎల్ఈడీకి ప్లస్ మైనస్ ఉంటాయి. రివర్స్ లైట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అద్దం తెల్లదే కాబట్టి తెల్ల ఎల్ఈడీ చక్కగా సరిపోతుంది. చీకట్లో వెనక్కి తీసేటప్పుడు ఇదే ఎక్కువ పనికొచ్చింది నాకు.

ఇండికేటర్ల దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గాను. ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే పరికరం ఫ్లాషర్. పాత ఫ్లాషర్ తన గుండా వెళ్లే కరెంటును బట్టి నడుస్తుంది. బల్బు మాడిపోతే కరెంటు తగ్గుతుంది, టకటకటక అని పరుగెత్తి మనకి చెబుతుంది. ఎల్ఈడీ తీసుకునే కరెంటు ఎటూ తక్కువే కాబట్టి, బల్బు మాడిందనుకుని అదే పరుగు. దీనికి కిట్‌తోపాటు రెసిస్టర్లు ఇస్తారు, బల్బు తీసుకునేంత కరెంటు ఊరికే లాగేవి. 6 ఓమ్‌లది పెడితే, 13.8 వోల్టుల దగ్గర వెలిగినంతసేపూ దాదాపు 32 వాట్లు వేడిగా మారతాయి. అంటే తీసేసిన బల్బు కంటే ఎక్కువే తగలేస్తున్నాం! దాన్ని ప్లాస్టిక్‌కి ఆనించి కడితే ప్లాస్టిక్ కరుగుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

రెసిస్టర్ కన్నా ఎల్ఈడీలకి సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ చాలా మేలు. స్టీరింగ్ కింద పాతది తీసి కొత్తది పెట్టడమే. నేను అదీ పెట్టి చూశాను, బాగానే పనిచేసింది. కానీ దానితో ఒక వెలితి. బల్బు మాడినా అది ఒకే లయలో కొడుతూ ఉంటుంది. వెనక ఇండికేటర్ పోయిన సంగతి మనకి తెలియదు, వెనకవాడికే తెలుస్తుంది. ముప్పై ఏళ్ల బండిలో ఆ హెచ్చరిక నాకు కావాలి. మళ్లీ మామూలు బల్బులే పెట్టేశాను. మీకు ఈ విషయం పట్టకపోతే ఫ్లాషర్ మార్చుకోండి, రెసిస్టర్ జోలికి మాత్రం పోకండి.

అసలు రచ్చంతా హెడ్‌లైట్ల దగ్గరే. అమెరికా మియాటాలో వచ్చేది హెచ్6024 అనే సీల్డ్ బీమ్. 7 అంగుళాల గుండ్రటి దీపం, లోపల బల్బు విడిగా మార్చడానికి ఉండదు. మన అంబాసిడర్లకీ బుల్లెట్లకీ ఉన్న సైజే ఇది. అందుకే దొరికేవి కూడా బోలెడు. దారులు మూడు: హెచ్4 అనే రకం బల్బు విడిగా పట్టే దీపం డబ్బాలు తెచ్చి హాలోజెన్ వేయడం, అదే డబ్బాలో ఎల్ఈడీ బల్బు వేయడం, దీపం మొత్తాన్నే ఎల్ఈడీగా మార్చడం.

మధ్యలోది వద్దు. చౌక, సులువు, అందరూ చేసేది అదే, అయినా వద్దు. హెచ్4లో లో బీమ్ తీగ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికే తగలాలని అలా పెట్టారు. సన్నటి తీగ ఎక్కడుందో అక్కడ్నుంచి లెక్కేసి ఆ వంపు చేశారు. ఎల్ఈడీ బల్బులో తీగ ఉండే చోట ఒక పలక, దానికి అటూ ఇటూ చిప్పులు. మిల్లీమీటరు తేడా వచ్చినా వెలుగు వేరే చోట పడుతుంది. నేను గ్యారేజీ గోడకి 25 అడుగుల దూరంలో కారు ఆపి, గోడ మీద టేపు అంటించి చూశాను. హాలోజెన్‌తో టేపు కింద వెలుగు, పైన చీకటి, మధ్య గీత గీసినట్టుంది. ఎల్ఈడీతో గోడంతా తెల్లగా వెలిగిపోయింది, టేపు పైన కూడా. కారులో కూర్చున్నవాడికి ‘అబ్బ, ఎంత వెలుగో’ అనిపిస్తుంది. టేపు పైన పడిందంతా ఎదుటివాడి కళ్లలోకి పోయే వెలుగు. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు రాత్రి హైదరాబాద్ నుంచి విజయవాడ కారులో వెళ్లినవాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా! డిప్ కొట్టినా లాభం ఉండదు, అవతలివాడు డిమ్‌లోనే ఉంటాడు పాపం.

హాలోజెన్ డబ్బాలో ఎల్ఈడీ బల్బు అమెరికా ప్రమాణానికి సరిపోదు కూడా. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, అడిగేవాడు లేడు. అడిగేవాడు లేడని రూలు పోలేదు.

మిగిలిన రెంటిలో నేను హెచ్4 హాలోజెన్ వైపు మొగ్గాను. డాట్ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉన్న డబ్బాలు, 60/55 వాట్ల బల్బులు, రిలే వైరింగ్. రిలే అంటే స్విచ్ నుంచి వచ్చే కాస్త కరెంటుతో, బ్యాటరీ నుంచి దీపానికి వెళ్లే పెద్ద కరెంటుని కలిపే పరికరం. ప్లగ్గు పాతదే సరిపోతుంది. ఇందులో అసలు మేలు చేసింది రిలేనే. పాత పద్ధతిలో కరెంటంతా స్విచ్ గుండా తిరిగొస్తుంది. నా కారులో బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులుంటే దీపం దగ్గర 12.2 ఉన్నాయి. తగ్గింది పన్నెండు శాతమే, కానీ హాలోజెన్ వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు వేశాక ఆ పోయిన వెలుగు తిరిగొచ్చింది. ఎల్ఈడీ అయితే తప్ప కుదరదనుకున్న పని సగం వైరుతోనే అయిపోయింది.

రాత్రిపూట ఊరి బయట ఎక్కువ తిరిగేవాళ్లకి మూడో దారే మేలు. దీపం మొత్తం ఎల్ఈడీ కోసమే చేసింది కాబట్టి వెలుగు ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. మంచివి ఖరీదెక్కువ. కొనేముందు వెనక హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు భాగం) లోతు కొలవండి, మియాటా హెడ్‌లైటు గిన్నెలో చోటు తక్కువ. మంచు పడే రాష్ట్రాల్లో ఉంటే ఇంకో మాట: ఎల్ఈడీ అద్దం వేడెక్కదు, దానిమీద పడ్డ మంచు అలాగే ఉండిపోతుంది.

ఏది పెట్టినా చివర్లో మళ్లీ గోడ దగ్గరికెళ్లి ఎత్తు సరిచూసుకోవాలి. నేను సరిచూసుకున్నాను. రెండూ సమంగా ఉన్నాయి, కానీ ఎడమ కన్ను ఇప్పటికీ ఓ క్షణం ఆలస్యంగా తెరుచుకుంటుంది. మా ఆవిడ దాన్ని కన్నుకొట్టడం అంటుంది. దానికి బల్బులతో సంబంధం లేదు, దీపాన్ని పైకి లేపే మోటారులో గ్రీజు ఎండిపోయింది. మొరాయిస్తే చేత్తో తిప్పి లేపుకోవడానికి మోటారు మీద రబ్బరు మూత కింద ఒక నాబ్ ఉంటుంది, ప్రస్తుతానికి దాంతోనే నెట్టుకొస్తున్నాను.