తాడోబా: 11 ట్రిప్పులు, 43 సఫారీల తర్వాత

2016 మే నెలలో మొదటిసారి మహారాష్ట్రలోని తాడోబా టైగర్ రిజర్వ్‌కు వెళ్లాం. అప్పటి నుంచి ఇప్పటిదాకా 11 ట్రిప్పులు, డైరీలో రాసుకున్న లెక్క ప్రకారం 43 సఫారీలు. 19 సఫారీల్లో పులి కనిపించింది, 24 సఫారీల్లో కనిపించలేదు. ఈ లెక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, మన వైపు నుంచి వెళ్లేవాళ్లు చాలామంది ఒక్క సఫారీ బుక్ చేసుకుంటారు. పులి కనబడకపోతే డబ్బులు దండగ అయ్యాయని ఉసూరుమంటూ తిరిగొస్తారు. నన్నెవరు అడిగినా చెప్పేది ఒకటే. కనీసం నాలుగు సఫారీలకు సరిపడా డబ్బు, సెలవు కుదిరినప్పుడే బయల్దేరండి. ఈ ఏడాది కుదరకపోతే వచ్చే ఏడాది వెళ్లండి.

మాది కరీంనగర్. నల్లమల, కవ్వాల్ అడవులు మనకే ఉన్నాయి కదా, మహారాష్ట్ర దాకా ఎందుకని మా నాన్న కూడా అడిగాడు. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్. నల్లమలంటే నాకు ప్రాణం, ఆ లోయల కోసమే ఎన్నిసార్లయినా వెళ్తాను. కానీ అంత పెద్ద కొండల్లో పులి ఎక్కడ ఉందో ఎవరు చెప్పగలరు? తాడోబా కోర్ ఏరియా, అంటే లోపలి ముఖ్యమైన అడవి, 625 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ ఉన్న బఫర్ కూడా కలిపితే 1,700 పైచిలుకు. నేల చాలావరకు చదును. టేకు, వెదురు, మధ్యలో చెరువులు. ఉన్న చోటుకు పులులు ఎక్కువ, జిప్సీలకు, అంటే సఫారీ జీపులకు, అలవాటు పడ్డవి కూడా. పైగా ఇది మనకు పరాయి అడవేం కాదు. కాగజ్‌నగర్ అడవుల్లోకి వచ్చే పులులు అటు నుంచి నదులు దాటి వచ్చేవే.

హైదరాబాద్ నుంచి తాడోబాకు దగ్గరి పట్టణం చంద్రపూర్ దాదాపు 400 కిలోమీటర్లు. కారులో అయితే మంచిర్యాల, ఆసిఫాబాద్, రాజూరా మీదుగా పోవచ్చు. రైల్లో అయితే కాజీపేట లైన్‌లో బల్లార్షా దిగాలి. బల్లార్షాలో టీ కొట్టు దగ్గర మేం హిందీలో అడిగితే ఆయన తెలుగులో జవాబిచ్చాడు. బొగ్గు గనుల పుణ్యమా అని ఆ చుట్టుపక్కల మనవాళ్లు బాగానే ఉన్నారు.

ఏ నెలలో వెళ్లాలన్నది అన్నిటికంటే పెద్ద నిర్ణయం. పులి కోసమే అయితే ఏప్రిల్, మే. వాగులు ఎండిపోతాయి, నీళ్లున్న గుంటలు కొన్నే మిగులుతాయి, ఆకు రాలిపోవడంతో దూరం దాకా కనబడుతుంది. కానీ చంద్రపూర్ ఎండ మన రామగుండం ఎండకు ఏమాత్రం తీసిపోదు. 45 డిగ్రీల్లో, టాపు లేని జిప్సీలో, మధ్యాహ్నం సఫారీ అంటే మాటలు కాదు. బీపీ ఉన్నవాళ్లను, పసిపిల్లలను ఆ నెలల్లో తీసుకెళ్లొద్దు. కుటుంబంతో అయితే నవంబర్ నుంచి ఫిబ్రవరి. అడవి పచ్చగా ఉంటుంది, పక్షులు బాగా కనిపిస్తాయి, పులి కనిపించే అవకాశం మాత్రం కాస్త తగ్గుతుంది. నాకు ఇష్టమైంది మార్చి నెలాఖరు. ఇప్ప పూలు రాలే రోజులు. తెల్లవారుజామున ఆ వాసన దారంతా కమ్ముకుని ఉంటుంది, ఇప్ప చెట్ల కింద ఎలుగుబంటి కూడా కనబడవచ్చు. వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబర్ వరకు, కోర్ మూసేస్తారు. మిగతా నెలల్లో మంగళవారం కోర్‌కు సెలవు. ఈ ఒక్క సంగతి చూసుకోకుండా సోమవారం రాత్రి చేరుకుని, మర్నాడంతా గదిలో కూర్చున్న మిత్రులున్నారు.

రెండోది గేటు. తాడోబా అంటే ఒకటే ద్వారం అనుకుంటారు. కోర్‌లోకి మొహర్లీ, ఖుట్వండా, నవేగావ్, కొలారా లాంటి వేర్వేరు గేట్లున్నాయి. బఫర్‌కు అగర్‌జరీ, దేవాడా, జునోనా లాంటివి వేరే. మీ టికెట్ ఏ గేటుదైతే ఆ గేటు నుంచే లోపలికి పంపిస్తారు. 2018లో ఒక ఏజెంట్‌కు అన్నీ అప్పజెప్పాను. గది మొహర్లీలో తీసుకున్నాడు, పొద్దుటి సఫారీ కొలారా గేటుకు బుక్ చేశాడు. ఒకటి దక్షిణాన, రెండోది ఉత్తరాన. తెల్లవారుజామున మూడింటికి పిల్లల్ని నిద్రలేపి, అడవి చుట్టూ బయటి దారిలో తిరిగి వెళ్లాం. చేరేసరికి గేటు తెరిచి చాలాసేపైంది, మా జిప్సీయే ఆఖరిది. అప్పటి నుంచి టికెట్లు నేనే అటవీశాఖ వెబ్‌సైట్‌లో బుక్ చేస్తున్నాను. ముందు సఫారీ టికెట్, అది ఖాయమయ్యాక దానికి దగ్గరలో గది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు మొహర్లీ దగ్గర. శని, ఆదివారాల్లో రేటు ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువే. వీలైతే బుధ, గురువారాలు పెట్టుకోండి.

బఫర్‌ను తక్కువగా చూడొద్దు. నాకు కనిపించిన 19 సార్లలో 6 బఫర్‌లోనివే. వాటిలో ఒకటి చెప్తాను.

2022 మే. సాయంత్రం ఐదు దాటింది. గంటన్నర నుంచి ఒక చిన్న నీటిగుంట దగ్గరే జిప్సీ ఆపి కూర్చున్నాం. ఇంకో రెండు జిప్సీలు పదేసి నిమిషాలు చూసి వెళ్లిపోయాయి. మా గైడు ఒక్కటే మాట అన్నాడు, ‘రుకేంగే’ (ఆగుదాం) అని. ముందు కొండముచ్చు ఖక్ ఖక్ మని అరిచింది. గైడు కదల్లేదు. తర్వాత దుప్పి కూసింది. అప్పుడూ కదల్లేదు. కాసేపటికి అవతలి వెదురు పొదల్లోంచి కణితి (సాంబర్ జింక) గొంతు, ఢాంక్ మని ఒకే ఒక్క అరుపు. అప్పుడు లేచి నిలబడ్డాడు. దుప్పులు ఊరికే కూడా బెదురుతాయట, కణితి మాత్రం చూస్తే గానీ అరవదట. రెండు నిమిషాలకు ఆడపులి వచ్చింది. మా వైపు ఒకసారి చూసింది. గుంట అంచుకు వచ్చి, వెనక్కి తిరిగి, వెనక కాళ్లు ముందు నీళ్లలో పెట్టి మెల్లగా కూర్చుంది. ముఖం మీద నీళ్లు పడటం వాటికి ఇష్టముండదని గైడు తర్వాత చెప్పాడు. నడుము దాకా మునిగాక కళ్లు సగం మూసింది. చెవుల వెనకున్న తెల్లమచ్చలు ఒక్కోసారి కదిలేవి, ఈగల్ని తోలుకోవడానికి. 22 నిమిషాలు అలాగే ఉంది. జిప్సీలో ఆరుగురం ఉన్నాం, ఒక్కరు మాట్లాడలేదు.

అందుకే డ్రైవర్‌తో, గైడుతో గేటు దగ్గరే చెప్పేయండి, పులి కోసం పరుగులు పెట్టొద్దు, నీళ్ల దగ్గర ఆగుదామని. ‘కాల్’, అంటే పులిని చూసి జంతువులు అరిచే అరుపు, వచ్చిందంటే చాలు, పది జిప్సీలు ఒకేచోటికి దూసుకెళ్తాయి. దానికి మనమే కారణం. టిప్పు ఎక్కువిస్తాం, దగ్గరికి పోనివ్వమని డ్రైవర్లను ఒత్తిడి చేసేది టూరిస్టులే. ఒకసారి దారి దాటాలని చూస్తున్న పులికి బండ్ల మధ్య సందు దొరకలేదు, వెనుదిరిగి పొదల్లోకి పోయింది. దాని దారికి మేమే అడ్డం పడ్డామని ఆ రోజంతా మనసు బాగోలేదు.

ఇక సామాను. బుక్ చేసినప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర ఉండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు. కోర్‌లోకి మొబైల్ తీసుకెళ్లనివ్వరు. కాబట్టి ఫొటోలు కావాలంటే కెమెరా ఉండాలి. కొనక్కర్లేదు, హైదరాబాద్‌లో లెన్స్‌లు అద్దెకిస్తారు. 100–400 ఎంఎం జూమ్ లెన్స్ సరిపోతుంది. జిప్సీ రాడ్ మీద లెన్స్ కదలకుండా ఉండటానికి మా అమ్మ పాత జీన్స్ కాలితో ఒక సంచి కుట్టి, రెండు కిలోల జొన్నలు పోసి మూతి కట్టింది. ఎనిమిదేళ్లుగా అదే వాడుతున్నాను. నన్నడిగితే కెమెరా కంటే ముందు బైనాక్యులర్స్ తీసుకోండి. 8×42 సైజు తీసుకుంటే చీకటి తెరలు పూర్తిగా తొలగకముందు కూడా బాగా కనబడుతుంది. మా చిన్నది దాంతోనే తాడోబా చెరువు గట్టున మొసలిని కనిపెట్టింది, గైడు కంటే ముందు.

బట్టలు మట్టిరంగువి, ఆకుపచ్చవి. దుమ్ము విపరీతం, మూతికి కట్టుకోవడానికి పల్చటి కాటన్ తువ్వాలు మాస్క్ కంటే నయం. డిసెంబర్‌లో వెళ్తే మంకీ క్యాప్, గ్లవ్స్, ఒడిలో వేసుకోవడానికి దుప్పటి తప్పనిసరి. నడిచే జిప్సీలో కొట్టే చలిగాలి గదిలో కూర్చుని అంచనా వేస్తే తెలిసేది కాదు. స్టీలు బాటిల్లో నీళ్లు, ఎండాకాలమైతే ఓఆర్ఎస్ ప్యాకెట్లు. సెంటు రాసుకోవద్దు. సఫారీ నాలుగు గంటలు పడుతుంది, కాబట్టి పొద్దున్నే టీ తక్కువ తాగండి.

పిల్లలకు ఆరేళ్లు దాటాకే తీసుకెళ్లమంటాను. మా పెద్దాడు నాలుగేళ్లప్పుడు సఫారీ మొత్తం నిద్రపోయాడు. ఎనిమిదేళ్లకు వాడే దుమ్ములో అడుగులు చూసి ఇవి రాత్రివి, వీటి మీద మంచు చుక్కలు పడ్డాయి అన్నాడు. గైడు దిగ్గున తిరిగి చూశాడు.

పులి కనిపించని ఆ 24 సఫారీల్లో రేసుకుక్కల గుంపు దుప్పిని తరమడం చూశాం, పాలరాయిలా తెల్లగా మెరిసే తపసి చెట్టు మీద చిరుతను చూశాం, రెండుసార్లు ఏమీ చూడకుండా తిరిగొచ్చాం. వచ్చే మార్చికి మొహర్లీ నుంచి మూడు, అగర్‌జరీ నుంచి ఒకటి అనుకుంటున్నాం. ఈసారి నాన్న కూడా వస్తానన్నాడు.