లేటెన్సీమాన్: చిటపట ఎక్కడిదో చెప్పింది, మందు మాత్రం చెప్పలేదు

నిజానికి ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె గురించి రాద్దామని కూర్చున్నాను, దాన్ని నాలుగు మాటలు తిట్టి రెండు స్టార్లు పడేద్దామని. తీరా చూస్తే తప్పు దానిది కాదని తేలింది. ఆ సంగతి తేల్చింది ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి దాని గురించే రాస్తున్నా. పేరు లేటెన్సీమాన్. రెస్‌ప్లెండెన్స్ అనే వాళ్లు తయారుచేసింది, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, ఇంట్లో సొంతానికి వాడుకుంటే రూపాయి కట్టక్కర్లేదు.

ముందు నా బాధ చెప్పాలి. నేను విజయవాడలో ఉంటాను, మృదంగం వాయిస్తాను. కచేరీలు ఎప్పుడో గానీ రావు. పాడేవాళ్లు ఎవరి ఊళ్లోంచి వాళ్లు గొంతు, తాళం ట్రాకులు పంపిస్తే నేను ఇంట్లో వాయించి తిరిగి పంపుతుంటాను. కుడివైపు ఒక మైకు, ఎడమవైపు ఒక మైకు, రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, మూడేళ్ల నాటి లాప్‌టాప్, అందులో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. ఇంతే సరంజామా. ఇరవై ముప్ఫై సెకన్లకోసారి "టప్" మని ఒక శబ్దం పడేది, ఒక్కోసారి నూనెలో ఆవాలు వేసినట్టు వరసగా చిటపట. గొంతు రికార్డు చేసుకునేవాళ్లకైతే అలాంటి శబ్దం వెంటనే తెలిసిపోతుంది, మృదంగంలో అసలు ఉన్నదే దెబ్బలు కదా, వేగంగా వాయించినచోట ఏది నా వేలిదో ఏది లాప్‌టాప్‌దో నాకే అర్థమయ్యేది కాదు. హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, చరణంలో ఆ ఎక్స్‌ట్రా దెబ్బ భలే ఉంది, కావాలనే వేశారా" అన్నాడు. ఔనని చెప్పేశాను, ఏం చేస్తాం.

మ్యూజిక్ సామాన్లు అమ్మే ఒక షాపులో అడిగితే యూఎస్‌బీ కేబుల్ మార్చమన్నారు. 900 పెట్టి మార్చాను. పోలేదు. మైకు కేబుళ్లు మార్చమన్నారు, అవీ మార్చాను. ఇక ఇంటర్‌ఫేసే పోయిందండీ, కొత్త మోడల్ వచ్చింది చూపించమంటారా అన్నారు. అక్కడ ఆగాను.

అసలు ఆ టప్ ఎందుకొస్తుందో అప్పటిదాకా నాకూ తెలీదు. పెళ్లి బంతి గుర్తు తెచ్చుకోండి. లాప్‌టాప్ శబ్దాన్ని ధారగా పోయదు, గరిటెలతో వడ్డిస్తుంది, ఆ గరిటే బఫర్. సెకను శబ్దాన్ని 48,000 ముక్కలుగా, అంటే శాంపిళ్లుగా కోసే రేటులో 128 శాంపిళ్ల బఫర్ పెడితే వడ్డించేవాడు ప్రతి 2.7 మిల్లీసెకన్లకూ ఒకసారి మీ విస్తరి దగ్గరికి రావాలి. దారిలో ఎవరో ఆపి కబుర్లు పెడితే విస్తరి ఖాళీ, ఆ ఖాళీయే మీకు వినపడే టప్. గరిటె పెద్దది చేసి 1024 పెడితే 21 మిల్లీసెకన్ల దాకా పర్వాలేదు, కానీ అప్పుడు లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, కలిపి నలభై మిల్లీసెకన్లు దాటి శబ్దం హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. మృదంగం వాయిస్తూ అది వింటే నరకం. చెయ్యి ఒకచోట, చెవి ఒకచోట, రెండు ఆవర్తనాలు తిరిగేసరికి తెలీకుండానే లయ జారిపోతుంది. అంటే గరిటె పెంచితే ఆలస్యం, తగ్గిస్తే చిటపట, ఈ రెంటి మధ్యే నలిగిపోయాను చాన్నాళ్లు.

దారిలో కబుర్లు పెట్టేది ఎవరో లేటెన్సీమాన్ చెబుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది, భయపడకండి, విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలికి తొంగిచూడాలి కాబట్టి తప్పదు. పైన ప్లే బటన్ నొక్కి మీ పని మీరు చేసుకోవడమే. వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ లాంటివాటిని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్లు, అంటే డ్రైవర్లు, ప్రాసెసర్‌ని తమకోసం ఆపి చేయించుకునే చిన్నచిన్న పనులుంటాయి, డీపీసీ అంటారు. ఒక్కోటీ 100 మైక్రోసెకన్లు దాటకూడదని డ్రైవర్లు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ సూచన. దాటేవాళ్లెవరో ఇది పట్టుకుంటుంది. మొదటి పేజీలో తీర్పు ఉంటుంది గానీ అక్కడ ఆగొద్దు, అసలు సరుకు డ్రైవర్స్ అనే పేజీలో ఉంది. ఎక్కువసేపు పట్టిన డ్రైవర్ పైకి వచ్చేలా, పట్టిన సమయం చూపే నిలువు వరుస పేరు మీద నొక్కండి. నాకు పైన కనపడింది ఎన్‌డీఐఎస్ డాట్ సిస్, 2,300 మైక్రోసెకన్లు. అంటే 2.7 మిల్లీసెకన్లలో 2.3 వీడే తినేస్తున్నాడు. వైఫై ఆపేసి మళ్లీ నడిపించాను. చిటపట సగానికి సగం పోయింది! 900 రూపాయల కేబుల్ చేయలేని పని ఒక్క బటన్‌తో.

ఇక్కడే దీని మీద నా మొదటి ఫిర్యాదు. ఎన్‌డీఐఎస్ అనేది నెట్‌వర్క్ వ్యవహారాలన్నిటికీ విండోస్‌లో ఉండే ఉమ్మడి వాకిలి, అసలు దొంగ దాని వెనకున్న వైఫై కార్డు డ్రైవర్. లేటెన్సీమాన్ వాకిలి పేరు చెప్పి ఊరుకుంటుంది, లోపల ఎవరున్నారో మనమే వెతుక్కోవాలి. పైగా ఎర్రక్షరాల తీర్పు కింద ఎవరికైనా ఒకటే పాట: పవర్ మేనేజ్‌మెంట్ వల్ల కావచ్చు, ప్రాసెసర్ వేగం తగ్గించే సెట్టింగులు ఆపండి, బయోస్ (లాప్‌టాప్ ఆన్ అవగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో చూడండి. వైఫై వల్ల వచ్చినవాడికీ అదే. ఇంకోటి, గంటలో ఒక్కసారి గీత దాటినా మొత్తం ఎర్రగా మారి కూర్చుంటుంది, కొత్తవాళ్లు అది చూసి లాప్‌టాప్ అమ్మేసేంత టెన్షన్ పడతారు. అది పట్టించుకోకండి, రీపర్ తెరిచి నిజంగా రికార్డు చేస్తూ పావుగంట నడపండి, పదేపదే పైకి వచ్చే పేరు ఏదో చూడండి.

నాకు రెండో పేరు ఏసీపీఐ డాట్ సిస్. అది కరెంటు, బ్యాటరీ వ్యవహారాలు చూసే విండోస్ డ్రైవర్, నా దగ్గర దాని గోలేమిటంటే బ్యాటరీ ఎంతుందో మాటిమాటికీ అడుగుతూ ఉండటం. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీల కింద ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అని ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేస్తే ఆ అడగడం ఆగుతుంది. చేశాను, మిగిలిన చిటపట కూడా పోయింది, ఆనందంలో దాన్ని మళ్లీ ఎనేబుల్ చేయడం మర్చిపోయాను. డిసేబుల్ చేస్తే బ్యాటరీ గుర్తు కనపడదు, అయిపోతోందన్న హెచ్చరికా రాదు. నా గది ప్లగ్గు ఇన్వర్టర్ మీద లేదు. మూడు రోజుల తర్వాత కరెంటు పోయింది, ఫ్యాను, ఏసీ ఎలాగూ ఆపుకునే వాయిస్తాను కాబట్టి గమనించలేదు, బ్రహ్మాండంగా వస్తున్న తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) మధ్యలో తెర నల్లబడిపోయింది. కాబట్టి రికార్డింగ్ అయ్యాక ఎనేబుల్ చేయండి, చీటీ రాసి లాప్‌టాప్‌కి అంటించుకోండి.

ఏసీ ఆపుకోవడం అన్నాను కదా, దాంట్లోనూ ఒక మెలిక ఉంది. బెజవాడ మే నెలలో తలుపులు, ఏసీ, ఫ్యాను అన్నీ బంద్ చేస్తే పది నిమిషాల్లో గది పొయ్యి. లాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, చిటపట మళ్లీ మొదలు. ఈ ఒక్కచోట మాత్రం లేటెన్సీమాన్ పాడే ఆ ఒక్క పాటలో ప్రాసెసర్ వేగం తగ్గడమన్న మాట సరిగ్గా సరిపోయింది, కాకపోతే వేడికి సెట్టింగు మందు కాదు. లాప్‌టాప్‌ని పరుపు మీంచి తీసి చెక్క స్టాండ్ మీద పెట్టాను, ఎండాకాలంలో తెల్లవారుజామునే వాయిస్తున్నాను. పక్కింటివాళ్లు ఏమనుకుంటున్నారో అడగలేదు.

ఇది పట్టుకోలేనివీ ఉన్నాయి. యూఎస్‌బీ హబ్‌లో నాలుగు వస్తువులతో పాటు ఇంటర్‌ఫేస్ గుచ్చితే వచ్చే శబ్దాలు దీనికి తెలీవు, నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చి చూడండి. విండోస్‌లో 44,100, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 48,000 అని రెండుచోట్ల రెండు రేట్లు ఉన్నాయేమో కూడా మీరే చూసుకోవాలి. చార్జర్ పెట్టగానే "గుర్ర్" మని ఆగకుండా మోగితే అది వేరే జబ్బు, ఎర్త్ సంగతి. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చి వాడే ఇళ్లలో దీన్ని తరచూ చూస్తాం, దానికి ఎలక్ట్రీషియన్ కావాలి. ఇక బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని శబ్దం లేటుగా వస్తోందంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు, వైరుదే పెట్టుకోండి. అలాగే ఇంటర్‌ఫేస్ కంపెనీవాళ్ల సొంత ఏషియో డ్రైవర్ (తక్కువ ఆలస్యంతో శబ్దాన్ని చేరవేసేది) వేసుకోండి, అది లేకపోతేనే ఏషియో ఫర్ ఆల్ అనే అందరికీ పనికొచ్చే డ్రైవర్.

ఆలస్యం గోల ఎలా పోయిందంటే, దానికి లేటెన్సీమాన్‌తో పనే లేదు, జవాబు నేను తిట్టుకున్న ఆ ఇంటర్‌ఫేస్ మీదే ఉంది. డైరెక్ట్ మానిటర్ అని ఒక బటన్. అది నొక్కితే మైకు శబ్దం లాప్‌టాప్ దాకా వెళ్లకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది, రీపర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్ ఆపేయాలి, లేకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు వినపడుతుంది. ఇప్పుడు బఫర్ 512లో పెట్టి హాయిగా వాయిస్తున్నాను. రికార్డయింది తాళంతో కలుస్తుందా అని అనుమానం రావచ్చు, డ్రైవర్ చెప్పిన ఆలస్యాన్ని బట్టి రీపర్ దాన్ని వెనక్కి జరుపుతుంది. డ్రైవర్ నిజమే చెబుతోందా అన్నది ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ కలిపి క్లిక్ రికార్డు చేస్తే తెలుస్తుంది. నాది 70 శాంపిళ్లు తేడా వచ్చింది, ఒకటిన్నర మిల్లీసెకను, ప్రిఫరెన్సెస్‌లో ఆ అంకె వేసేశాను. గొంతుకి రెవర్బ్ (హాల్లో పాడినట్టు ప్రతిధ్వని) వింటూ పాడాలనుకునేవాళ్లకి మాత్రం ఈ బటన్ ఒక్కటే సరిపోదు, చిన్న బఫర్ తప్పదు, అప్పుడు పైన చెప్పినవన్నీ చేసుకోవాల్సిందే.

స్టార్లు అడిగితే లేటెన్సీమాన్‌కి నాలుగు. ఐదోది ఆ ఒకటే పాటకీ, ఎర్రక్షరాలతో బెదిరించినందుకూ కోశాను. ఇంటర్‌ఫేస్ మీద రాసిపెట్టుకున్న తిట్లు చెరిపేశాను. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో లాప్‌టాప్ చూస్తున్నాను, డబ్బులిచ్చే ముందు అమ్మేవాళ్ల ఎదురుగానే దీన్ని వేసి, వైఫై ఆన్‌లో పెట్టి, పావుగంట నడిపిస్తా. ఒప్పుకోకపోతే బేరం లేదు.