రాస్వెల్ కన్నా ముందు చూడవలసిన చోట్లు: అమెరికా ఎగిరే పళ్లేల దస్త్రాల వెంట ఒక యాత్ర

ఎగిరే పళ్లేల మీద అమెరికా ప్రభుత్వం జరిపిన అధికారిక విచారణల చరిత్రను స్వయంగా వెళ్లి తెలుసుకోవాలనుకునేవారికి ఎవరైనా ముందుగా చెప్పే పేర్లు రెండే: 1947లో ఎగిరే పళ్లెం కూలిందన్న కథతో పేరుకెక్కిన న్యూ మెక్సికోలోని రాస్వెల్, నెవాడా ఎడారిలోని రహస్య వైమానిక స్థావరం ఏరియా 51. నేను ఆ రెండు చోట్లకూ వెళ్లాను. మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌నూ, ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని వైమానిక దళ మ్యూజియంనూ కూడా చూశాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి కొన్ని నెలలు ఉండే మన తెలుగువారిలో ఈ విషయం మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి నా సలహా ఏమిటంటే, చివర చెప్పిన రెండు చోట్లనే ముందు చూడాలి. ప్రభుత్వం ఏమి దాచింది, ఎందుకు దాచింది అన్న ప్రశ్నకు కాగితాల రూపంలోనూ లోహం రూపంలోనూ జవాబు దొరికేది అక్కడే.

కాలేజ్ పార్క్ ఆర్కైవ్స్ వాషింగ్టన్ శివార్లలో, మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి దగ్గరలో ఉంది. ప్రవేశానికి రుసుము లేదు. విదేశీయులు కూడా పాస్‌పోర్టు చూపించి పరిశోధకుల కార్డు తీసుకోవచ్చు. సంచులు, కలాలు, సొంత నోటుపుస్తకాలు లోపలికి తీసుకువెళ్లనివ్వరు. వాటిని లాకరులో పెట్టుకోవాలి, రాసుకోవడానికి పెన్సిలూ కాగితమూ వాళ్లే ఇస్తారు. ఇంత కట్టుదిట్టం చూసి వెనకాడవలసిన పని లేదు. నేను వెతుకుతున్నది ఏమిటో చెప్పినప్పుడు అక్కడి సిబ్బంది ముఖంలో వెటకారపు ఛాయ కూడా కనిపించలేదు. పత్రాలను చిన్నచిన్న ఫొటోలుగా ఎక్కించిన మైక్రోఫిల్మ్‌లో ఏ పత్రం ఏ చుట్టలో ఉంటుందో, యంత్రం మీద ఎలా చదవాలో ఓపికగా చూపించారు. బస విషయానికి వస్తే, విశ్వవిద్యాలయం ఎదుట ఉన్న ప్రధాన రహదారి వెంట మధ్యతరగతి హోటళ్లు చాలా ఉన్నాయి. వర్జీనియా వైపు బంధువులున్నవారు అక్కడినుంచి రోజూ తిరగడం కన్నా ఇక్కడే గది తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఉదయపు రద్దీలో వాషింగ్టన్ చుట్టూ ఉన్న వలయ రహదారి బెల్ట్‌వే మీద పోయే సమయమంతా చదువుకునే సమయంలోంచి తగ్గిపోతుంది. రీడింగ్ రూములు పనిదినాల్లోనే తెరిచి ఉంటాయి కాబట్టి వారాంతపు ప్రయాణంలో దీన్ని కలుపుకోవడం కుదరదు.

ఇక్కడ చూడవలసినది ప్రాజెక్ట్ బ్లూ బుక్ దస్త్రం. 1947 జూన్ 24న వాషింగ్టన్ రాష్ట్రంలో కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ తొమ్మిది వింత వస్తువులను చూశానని చెప్పిన తరువాత దేశమంతా అటువంటి కబుర్లు వ్యాపించాయి. వైమానిక దళం మొదట ప్రాజెక్ట్ సైన్, తరువాత ప్రాజెక్ట్ గ్రడ్జ్, 1952 నుంచి బ్లూ బుక్ అనే పేర్లతో విచారణ జరిపి, 1969 డిసెంబరులో ఆపివేసింది. మొత్తం 12,618 నివేదికలు వచ్చాయి. వాటిలో 701 గుర్తించలేనివిగా మిగిలిపోయాయి. ఆ కాగితాలన్నీ 94 మైక్రోఫిల్మ్ చుట్టల్లో ఉన్నాయి. ప్రతి కేసుకూ ఒక కార్డు జతచేసి ఉంటుంది. తేదీ, స్థలం, ఎంతసేపు కనిపించింది, ఏ దిశగా వెళ్లింది అన్న వివరాలతో పాటు నిర్ధారణకు గడులు కూడా అందులోనే ఉంటాయి: బెలూనే, చాలావరకు బెలూనే, బెలూన్ కావచ్చు, విమానమే, చాలావరకు విమానమే, విమానం కావచ్చు, ఇలాగే నక్షత్రాలకూ గ్రహాలకూ. ఏదీ కుదరనప్పుడు సమాచారం చాలదని గానీ, తెలియదని గానీ గుర్తు పెడతారు.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి ఆ కార్డుల వెనుక ఉన్న ఉత్తరాలు. మామూలు మనుషులు, తాము చూసినది దేశ భద్రతకు సంబంధించినదేమోనన్న బాధ్యతతో, చేతితో బొమ్మలు గీసి, గంటా నిమిషమూ వేసి పంపిన ఉత్తరాలవి. ప్రజలకు తెరిచే ముందు సాక్షుల పేర్లు చెరిపివేశారు, అది సబబే. కానీ ఆ ఉత్తరాలకు వెళ్లిన జవాబుల్లో కొన్ని నిజాయితీ లేనివని ఇప్పుడు మనకు తెలుసు. 1955 ఆగస్టులో నెవాడాలోని గ్రూమ్ సరస్సు దగ్గర, అంటే ఏరియా 51లో, యూ-2 గూఢచారి విమానం ఎగరడం మొదలైంది. ప్రయాణికుల విమానాలు ఇరవై వేల అడుగులు దాటడమే అరుదైన ఆ రోజుల్లో అది అరవై వేల అడుగులకు పైన ఎగిరేది. కింద చీకటి పడిన తరువాత కూడా అంత ఎత్తులో ఎండ ఉంటుంది. అప్పటి యూ-2 వెండి రంగు రెక్కల మీద ఆ ఎండ పడితే కింది పైలట్లకు అది నిప్పు ముద్దలా కనిపించేది. బ్లూ బుక్ అధికారులు సీఐఏను సంప్రదించి, ఫలానా రోజున ఫలానా చోట కనిపించినది యూ-2 అని సరిచూసుకునేవారు, కానీ ఉత్తరం రాసిన మనిషికి మాత్రం అది మంచు స్ఫటికాల వల్ల కలిగిన భ్రమ అనో, వాతావరణ విశేషమనో జవాబు పంపేవారు. 1950ల చివరినుంచి 1960ల వరకు వచ్చిన నివేదికల్లో సగానికి పైగా ఇటువంటి విమానాల వల్లనే వచ్చాయని 1997లో సీఐఏ చరిత్రకారుడు జెరాల్డ్ హైన్స్ రాశారు. సగం అన్న ఆ లెక్కను అంగీకరించని పరిశోధకులు ఉన్నారు, బ్లూ బుక్ కార్డులు చూస్తే వారి సందేహంలో పస ఉందనే నాకూ అనిపించింది. లెక్క ఎంతైనా కావచ్చు. ఉన్నది ఉన్నట్టు చూసి, ఉన్నది ఉన్నట్టు రాసిన పౌరుడిని పొరబడ్డావని ప్రభుత్వం అనడం మాత్రం చిన్న విషయం కాదు. తరువాతి తరాలు అధికారిక ప్రకటనలను నమ్మకపోవడానికి ముఖ్యమైన కారణం అదే.

డేటన్‌కు కొలంబస్ నుంచి గంటంబావు కారు ప్రయాణం. బ్లూ బుక్ కార్యాలయం నడిచింది రైట్ ప్యాటర్సన్ వైమానిక స్థావరంలోనే. దాని ఆవరణలోని నేషనల్ మ్యూజియంలో ప్రవేశం, పార్కింగ్ రెండూ ఉచితం. నాలుగు భారీ హ్యాంగర్లు ఒక్క పూటలో చూడడం పెద్దవారికి కష్టం. చక్రాల కుర్చీలు అందుబాటులో ఉన్నాయి, నేల సమంగా ఉంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. లోపలి ఫలహారశాలలో శాకాహారులకు దొరికేది స్వల్పం కనుక పొద్దున గట్టిగా తిని వెళ్లడం మంచిది. బసకు స్థావరం పక్కనే ఉన్న ఫెయిర్‌బోర్న్, బీవర్‌క్రీక్ పట్టణాలు అనుకూలం. మేము దిగిన హోటల్ పాతదే అయినా గది విశాలంగా, నిశ్శబ్దంగా ఉంది, ధర రాస్వెల్ కన్నా తక్కువ.

గ్రహాంతరవాసుల శవాలను ఈ స్థావరంలోనే దాచారని దశాబ్దాలుగా ఒక కథ ఉంది. ఆ కథ విని వచ్చేవారు మ్యూజియంలో నిలబెట్టిన అసలు రహస్యాలను దాటి వెళ్లిపోవడం చూస్తే నాకు బాధ కలిగింది. యూ-2 ఇక్కడ ఉంది. మరో గూఢచారి విమానం ఎస్ఆర్-71 ఉంది. 1981లో మొదట ఎగిరి, 1988 నవంబరు దాకా ప్రభుత్వం ఒప్పుకోని, రాడార్‌కు సులువుగా చిక్కని ఎఫ్-117 యుద్ధవిమానం ఉంది. 1982 నుంచి 1985 వరకు గుట్టుగా పరీక్షించి 1996లో బయటపెట్టిన ప్రయోగ విమానం టాసిట్ బ్లూ, బోర్లించిన తొట్టిలాంటి ఆకారంతో, ఇక్కడే ఉంది. సాయంకాలం ఎడారి మీద దాన్ని చూసిన మనిషి ఏమనుకుని ఉంటాడో ఎదురుగా నిలబడితే అర్థమవుతుంది. అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడి చూడవలసినది ఆవ్రోకార్. కెనడా కంపెనీ ఆవ్రో అమెరికా సైన్యం కోసం నిజంగానే పద్దెనిమిది అడుగుల వ్యాసంతో గుండ్రటి పళ్లెం ఆకారంలో తయారుచేసిన యంత్రం అది. నేలకు మూడడుగుల పైకి వెళితే నిలకడ తప్పి ఊగిపోయేది కాబట్టి 1961లో ఆ పని ఆపేశారు.

యూ-2 ముందు మన దేశం కూడా గుర్తుకు రావాలి. గ్రూమ్ సరస్సు పేరును సీఐఏ కప్పిపుచ్చకుండా బయటపెట్టిన యూ-2 అధికారిక చరిత్ర, జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ సమాచార హక్కు కింద అడిగిన మీదట, 2013 ఆగస్టులో విడుదలైంది. చైనా యుద్ధం తరువాత నెహ్రూ యూ-2 విమానాలను అనుమతించిన సంగతి, 1963 జూన్‌లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ కెనడీని కలిసినప్పుడు ఒడిశాలోని చార్బాటియా స్థావరం గురించి ఒప్పందం కుదిరిన సంగతి, 1964 మే నెలలో అక్కడినుంచి మొదటి విమానం ఎగిరిన సంగతి ఆ పత్రంలోనే ఉన్నాయి. శ్రీకాకుళానికి అంత దూరమేమీ కాని చోట జరిగిన ఈ వ్యవహారపు వివరాలు మనకు అమెరికా కాగితాల ద్వారా తెలియవలసి రావడం నన్ను చాలా ఆలోచింపజేసింది.

రాస్వెల్‌కు డల్లాస్ నుంచి చిన్న విమానం ఉంది; ఆల్బకర్కీ నుంచి కారులో మూడు గంటలు. మెయిన్ స్ట్రీట్‌లో పాత సినిమా హాలులో నడుస్తున్న అంతర్జాతీయ యూఎఫ్ఓ మ్యూజియంలో టికెట్ ధర తక్కువ. పొగ చిమ్మే పళ్లెం, గ్రహాంతరవాసుల బొమ్మలు పిల్లలకు సరదాగా ఉంటాయి. పెద్దలు సమయం పెట్టవలసినది వెనుకనున్న గ్రంథాలయానికి. 1947 జూలై 8న రాస్వెల్ సైనిక విమాన స్థావరం అధికారులు ఎగిరే పళ్లెం దొరికిందని ప్రకటించి, గంటల వ్యవధిలోనే అది వాతావరణ బెలూన్ అని మాట మార్చిన తీరును నాటి వార్తాపత్రికల్లో వరసగా చదవవచ్చు. సోవియట్ అణుపరీక్షల శబ్దాన్ని పై వాతావరణంలో పట్టడానికి ఎగరేసిన ప్రాజెక్ట్ మొగల్ బెలూన్ల శకలాలే అవి అని వైమానిక దళం 1994లో చెప్పింది. ఆ వివరణ నాకు సమంజసంగానే తోస్తుంది. అయితే కాంగ్రెస్ సభ్యుడు స్టీవెన్ షిఫ్ కోరిక మీద 1995లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ వెతికినప్పుడు, ఆ కాలపు స్థావరం పరిపాలన దస్త్రాలు నాశనమైపోయాయని, ఎవరి అధికారంతో అలా చేశారో దాఖలా లేదని తేలింది. పుకారుకు ఊపిరి పోసేవి ఇటువంటి ఖాళీలే.

ఈ ఊళ్లోనే రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్ 1930ల్లో ప్రయోగాలు చేశారు. ఆయన పనిశాలను పునర్నిర్మించి చూపే రాస్వెల్ మ్యూజియం 2024 అక్టోబరు వరదలో బాగా దెబ్బతిన్నది కాబట్టి తెరిచారో లేదో ముందే కనుక్కోవాలి. బస సంగతి అంత బాగాలేదు. మేము దిగిన మోటల్‌లో ముందుగా ఒప్పుకున్న గది కాక రహదారి వైపు గది ఇచ్చారు, రాత్రంతా లారీల చప్పుడుతో నిద్ర లేదు. జూలై మొదటి వారపు ఉత్సవం రోజుల్లో అసలు గదులే దొరకవు. భోజనానికి పచ్చిమిరప కూరతో చేసే న్యూ మెక్సికో వంటలు మన నోటికి బాగానే ఉంటాయి. శాకాహారులు మాత్రం చిక్కుళ్లు పందికొవ్వుతో వండారేమో తప్పక అడగాలి.

ఏరియా 51 వైపు వెళ్లేవారికి లాస్ వేగస్ నుంచి రేచల్ అనే చిన్న ఊరు నూటయాభై మైళ్లు. 1996లో గ్రహాంతరవాసుల పేరు పెట్టిన 375వ నంబరు రాష్ట్ర రహదారి అందంగా, నిర్మానుష్యంగా ఉంటుంది. రేచల్‌లో పెట్రోలు దొరకదు. దారిలో ఆలమో ప్రాంతంలోనే ట్యాంకు నింపుకోవాలి. రోడ్డు మీదికి ఆవులు వస్తాయి, కనుక చీకటి పడేలోపు తిరిగి రావాలి. ఉన్న ఒక్క బస లిటిల్ ఎలియన్‌లో గదులు ట్రైలర్లలో ఉంటాయి, స్నానాల గది పక్కవారితో పంచుకోవాలి, కానీ ఆదరణ బాగుంది. స్థావరం గేటు దగ్గర హెచ్చరిక బోర్డులు, కొండ మీద కాపలా వాహనం తప్ప కనిపించేదేమీ లేదు. దగ్గరలో స్థావరం కనిపించే ఫ్రీడమ్ రిడ్జ్ అనే కొండను 1995లోనే మూసేశారు. వీసా మీద ఉన్నవారు గీత దాటే సాహసం చేయకూడదు, బోర్డులకు కెమెరా ఎత్తకూడదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని ఈ దారికి తీసుకువెళ్లవద్దనే చెబుతాను.

వీలైనవారు కాలేజ్ పార్క్, డేటన్ ఈ వరసలో పెట్టుకోవాలి: ఉత్తరాలు చదివిన తరువాత విమానాలు చూస్తే ఆకాశంలో ఆ మనుషులకు కనిపించినదేమిటో పోల్చుకోవచ్చు. డేటన్ వెళ్లలేనివారికి వాషింగ్టన్ డలెస్ విమానాశ్రయం పక్కనున్న ఉడ్వార్ హేజీ విమాన మ్యూజియంలో మరో ఎస్ఆర్-71 ఉంది. అక్కడ పార్కింగ్‌కు మాత్రం డబ్బు కట్టాలి. 2023 చివరలో వచ్చిన చట్టం ప్రకారం వివిధ శాఖల దగ్గరున్న ఎగిరే పళ్లేల పత్రాలను నేషనల్ ఆర్కైవ్స్ 615వ నంబరు రికార్డు గ్రూపుగా సేకరిస్తోంది, వాటిలో కొన్ని ఇంటినుంచే చదవవచ్చు. బయలుదేరే ముందు అవి చూసుకుని, కావలసిన కేసుల తేదీలూ స్థలాలూ రాసుకుని వెళితే రీడింగ్ రూములో సమయం వృథా కాదు.