పువ్వు ఆగదు, గిన్నె ఆగమంటుంది: నాలుగేళ్ళ పూల ఐస్‌క్రీం తర్వాత

నాలుగేళ్ళ క్రితం ఈ ఐస్‌క్రీం మెషీన్ ఇంటికొచ్చిన నెలకే అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కొనుక్కోండని చెప్పాను. ఇరవై నిమిషాల్లో ఐస్‌క్రీం, అదీ షాపు ఐస్‌క్రీంలా ఉంటుంది, ఇంకేం కావాలి అని. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రావడం లేదు. మెషీన్ పాడైందని కాదు, ఇప్పటికీ ఆడుతోంది, మోటారుకి ఏమీ కాలేదు. నా గొడవంతా దాని గిన్నెతో.

గిన్నెను ముందురోజే ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి వాడే రకం ఇది. ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు అనేవి అట్టపెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను దీన్ని దాదాపు పూల ఐస్‌క్రీంకే వాడాను, ఎక్కువగా మల్లె, తర్వాత గులాబీ, అప్పుడప్పుడు లావెండర్. అందుకే ముందే చెబుతున్నా, వెనిలా, చాక్లెట్ చేసుకునేవాళ్ళకి నా బాధలో సగం ఉండదు. చాక్లెట్ పొడి డబ్బాలో రేపటిదాకా ఉంటుంది, ఎల్లుండిదాకా కూడా ఉంటుంది. పువ్వు ఉండదు.

మల్లెమొగ్గ చీకటి పడే వేళకి విచ్చుకోవడం మొదలుపెడుతుంది, ఆ రాత్రే దాని వాసనంతా, మర్నాడు ఎండెక్కేసరికి రేకుల అంచులు గోధుమరంగులోకి తిరిగిపోతాయి. కుండీలో మొక్క ఏ రోజు పది పూలు పూస్తుందో ఏ రోజు గుప్పెళ్ళకొద్దీ పూస్తుందో ముందు చెప్పదు. ఈ గిన్నేమో ఒక రోజు ముందే చెప్పమంటుంది. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో 16 నుంచి 24 గంటలు ఫ్రీజర్‌లో పెట్టమని ఉంది, నాకు 16 గంటలకి ఒక్కసారి కూడా సరిగ్గా కాలేదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర, వెనక గోడకి ఆనించి, నిటారుగా, పూర్తిగా 24 గంటలు ఉంచితేనే. గిన్నె గోడల మధ్య ఉన్న ద్రవం గడ్డకట్టిందో లేదో తెలుసుకోవడానికి ఒకటే పద్ధతి, చెవి దగ్గర పెట్టుకుని ఊపడం. లోపల తొణికిన చప్పుడు కొంచెం వినిపించినా ఆ రోజుకి పని కాదు. అంటే పూలు ఎప్పుడు దొరికితే అప్పుడు చేయాలంటే గిన్నె ఏడాది పొడుగునా ఫ్రీజర్‌లోనే కాపురం ఉండాలి. మా ఫ్రీజర్‌లో అది ఒక అర మొత్తం తినేస్తుంది. ఈ విషయం మీద మా ఇంట్లో జరిగినన్ని మాటలు మెషీన్ చప్పుడు మీద కూడా జరగలేదు, ఆ చప్పుడు కూడా తక్కువేం కాదు, పక్క గదిలో ఫోన్ మాట్లాడలేరు.

ఇక అసలు సంగతి. రెండో ఏడాది వేసవిలో ఒక సాయంత్రం మొక్కలు రెండూ విరగబూశాయి. అప్పటికి నేను మల్లె ఐస్‌క్రీం మూడుసార్లు చేసి మూడుసార్లూ పాడుచేశాను. పాలు, క్రీమ్, చక్కెర వేడిచేసి, దింపగానే పూలు అందులో వేసి మూతపెట్టి, టీ ఆకు నానబెట్టినట్టు నానబెట్టేదాన్ని. అన్నిచోట్లా అలాగే రాసి ఉంటుంది కదా. వడకట్టి చూస్తే మల్లె వాసన బదులు ఉడికిన ఆకుకూర వాసన. ఆ సాయంత్రం వేడిపాలలో వేసే ముందు, చేతులు ఖాళీగా లేక, కోసిన పూలు కొన్ని చల్లని క్రీమ్ గిన్నెలోనే వేసేశాను, తర్వాత తీసి వాడదాం అని. అరలీటరు క్రీమ్, రెండు గుప్పెళ్ళ పూలు. పచ్చ తొడిమలు గిల్లేశాను, అవి ఉంటే చేదు దిగుతుంది.

అప్పుడు ఫ్రీజర్ తీశాను. బఠాణీల సంచి ఒకటి జారి తలుపుకి అడ్డం పడి, తలుపు సందు ఇచ్చింది. ఎప్పటినుంచి అలా ఉందో తెలియదు. గిన్నె తీసి ఊపితే నీళ్ళ సీసా ఊపినట్టు తొణికింది. నిజంగా ఏడుపొచ్చింది. మూడువందల పూలు అయినా ఉండి ఉంటాయి, ఆ మొక్కలు మళ్ళీ అంత పూసేది ఎప్పుడో. ఏమీ చేయలేక, క్రీమ్‌లో వేసిన పూలని అలాగే ఉంచి, పైన గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేశాను. మిగిలిన పూలు తడిగుడ్డలో చుట్టి పక్కనే పెట్టాను. గిన్నె మళ్ళీ ఫ్రీజర్‌లోకి, ఈసారి తలుపు రెండుసార్లు తోసి చూసుకున్నాను.

మర్నాడు పొద్దున్న మూత తీస్తే క్రీమ్‌లో పూలు వాడి, మైనం ముద్దల్లా పసుపు తిరిగి ఉన్నాయి. వాటిని తీసేసి, తడిగుడ్డలో ఇంకా తెల్లగా ఉన్నవాటిని వేశాను. పూలు వృథా చేయడం ఇష్టం లేక వేశాను తప్ప ఏదో తెలిసి కాదు. ఆ రాత్రికి గిన్నె గడ్డకట్టింది. పాలు, చక్కెర మాత్రం విడిగా కాచి చల్లార్చి, వడకట్టిన క్రీమ్ అందులో కలిపి తిప్పాను.

మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు ఏమీ లేదు. తియ్యగా, చల్లగా, పాలరుచి అంతే. ఈసారీ పోయిందనుకున్నాను. మా అమ్మాయి కళ్ళు మూసుకుని తింటోంది, ఒక్క క్షణం ఆగి, "అమ్మా, ముందు రాలేదు, మింగాక వచ్చింది" అంది. అదే జరిగింది. నాలుక మీద కరిగి, గొంతు దాటుతుండగా, లోపల్నుంచి ముక్కుకి మల్లె తగిలింది, ఉడికిన వాసన కాదు, చీకట్లో మొక్క దగ్గర నిలబడితే వచ్చేదే. నాలుగేళ్ళలో ఈ మెషీన్ నాకిచ్చిన అన్నిట్లో అదే పెద్దది, అది కూడా గిన్నె గడ్డకట్టని రోజున దొరికింది.

తర్వాత చదివి తెలుసుకుంటే దీనికి పాత లెక్కే ఉంది. గులాబీని కోశాక దాని వాసన తరిగిపోతూ ఉంటుంది, మల్లె, జాజి, నేలసంపెంగ లాంటివి కోశాక కూడా చాలా గంటలు కొత్తగా వాసన తయారుచేస్తూనే ఉంటాయి. వేడి పెడితే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఫ్రాన్స్‌లో అత్తరు తయారీకి పేరుపడ్డ గ్రాస్ పట్టణంలో పూర్వం జాజిపూలని కాచేవాళ్ళు కాదు, గాజు పలకల మీద కొవ్వు పూసి, దానిమీద పూలు పరిచి, వాడినవి తీసి తాజావి వేస్తూ రోజుల తరబడి కొవ్వుకి వాసన పట్టించేవాళ్ళు. నా ఫ్రిజ్‌లో ఆ రాత్రి జరిగింది దాదాపు అదే, కొవ్వు బదులు క్రీమ్. పూల వాసనలో చాలా భాగం నీళ్ళకంటే కొవ్వులో బాగా కరుగుతుంది, చల్లగా ఉన్నంతసేపూ అందులోనే ముడుచుకుని ఉంటుంది, నోటి వేడికి కరిగాక బయటపడుతుంది. అప్పటినుంచి మల్లెకి నేను పొయ్యి ముట్టించను. గుడ్డు పచ్చసొన వేసి కస్టర్డ్ కాయడం కూడా మానేశాను, ఆ గుడ్డు రుచి పూలని కప్పేస్తుంది. ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల పాలపొడి పాలలో కాచి చల్లార్చితే చిక్కదనం సరిపోతోంది.

ఒక జాగ్రత్త, రెండు రాత్రులు దాటనివ్వకండి. ఒకసారి ఎక్కువైతే ఇంకా బాగుంటుందని మూడు రాత్రులు మార్చి మార్చి వేశాను, మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, కొంచెం ఉంటే మత్తుగా ఉంటుంది, ఎక్కువైతే బీరువాలో కలరా ఉండల వాసన. అరలీటరు క్రీమ్ మొత్తం పారబోశాను.

గులాబీ దగ్గర కథ వేరు. దాని వాసనలో ముఖ్యమైన భాగం నీళ్ళలో కూడా బాగానే దిగుతుంది, అందుకే పన్నీరు అంత బాగా పనిచేస్తుంది. కానీ పన్నీరు అంటే నీళ్ళే కదా, ఎక్కువ పోస్తే ఐస్‌క్రీంలో గరగరలాడే మంచుపలుకులు. ఇక్కడ ఈ మెషీన్ మూతకున్న కన్నాన్ని మెచ్చుకోవాలి. తిప్పడం ఆపకుండా, ఆఖరి రెండు నిమిషాల్లో అందులోంచి రెండు చెంచాల పన్నీరు పోస్తే వాసన ఎక్కడికీ పోదు. రేకులు కూడా వేయాలనిపించి ఒకసారి పాలలోనే వేసి కాచాను, ఎర్రని రేకులు పాలని గులాబీరంగు చేస్తాయనుకుంటే బూడిదరంగు వచ్చింది. ఆ రంగు పులుపులో ఎర్రగా ఉంటుంది, పాలలో మాసిపోతుంది. ఇప్పుడు రేకుల మొదట్లో ఉండే తెల్లటి భాగం కత్తిరించి పారేసి (అది చేదు), మిగతాది చక్కెర, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చేత్తోనే నలిపి, ఆ ముద్దని కూడా అదే కన్నంలోంచి వేస్తున్నాను. అక్కడక్కడా ఎర్రటి చారలు పడతాయి, చూడటానికి కూడా బాగుంటుంది.

లావెండర్ గురించి ఎక్కువ చెప్పను. ముప్పావులీటరు మిశ్రమానికి ఎండుపూలు ఒక పెద్ద చెంచా, వేడిపాలలో పది నిమిషాలు, వెంటనే వడకట్టడం. ఇరవై నిమిషాలు ఉంచితే సబ్బు తిన్నట్టుంటుంది. కర్పూరం ఘాటు తక్కువుండే అంగస్టిఫోలియా రకమే తీసుకోండి.

పూలు ఎక్కడివి అన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అలంకరణకి, బొకేలకి అమ్మే పూల మీద మందులు కొట్టి ఉండొచ్చు, అవి తినడానికి పెంచినవి కావు. కరొలైనా జాస్మిన్ అని పసుపుపూల తీగ ఒకటుంది, పేరులో జాస్మిన్ ఉన్నా అది మల్లె జాతే కాదు, ఆకు, పువ్వు, వేరు అంతా విషం. నేను సొంత కుండీల్లోవి తప్ప వేరేవి వాడను, వాటికీ ఏ మందూ కొట్టను.

మళ్ళీ మెషీన్ దగ్గరకి వస్తే, ఆ ఇరవై నిమిషాల సంగతి. అబద్ధం కాదు గానీ, మిశ్రమం ఫ్రిజ్‌లో రాత్రంతా ఉండి 4 డిగ్రీల దగ్గరకి వచ్చి ఉంటేనే ఇరవై నిమిషాలు. గోరువెచ్చగా పోస్తే నలభై నిమిషాలు తిరిగినా గిన్నె చల్లదనం అయిపోతుంది తప్ప గడ్డకట్టదు. గిన్నెని నిండా నింపినా అంతే, గాలి చేరి పైకి పొంగుతుంది, మూడింట రెండొంతులు చాలు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చేది కూడా చెంచా నిలబడని మెత్తటి ముద్ద, గట్టిపడటానికి ఫ్రీజర్‌లో ఇంకో నాలుగు గంటలు. మెత్తగా ఉన్నప్పుడే తినేవాళ్ళకి సమస్య లేదు, మా ఇంట్లో సగం అక్కడే అయిపోతుంది. నిలవ ఉంచితే మాత్రం వారం దాటేసరికి మల్లె వాసన వెలిసిపోతుంది, పలుకులు పెద్దవవుతాయి. మొదట్లో నేను చెప్పిన "షాపు ఐస్‌క్రీంలా ఉంటుంది" అనే మాట రెండో రోజు వరకే సరిపోతుంది.

ఇక ఒక గిన్నెతో రోజుకి ఒకే విడత. వాడాక కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టాలి, తడి ఉంటే గోడకి మంచు పట్టి తెడ్డు ఇరుక్కుంటుంది. పది మంది వచ్చే ఇల్లయితే ఇది సరిపోదు. సొంతంగా చల్లబరుచుకునే కంప్రెసర్ రకంలో ఈ ఎదురుచూపు ఉండదు, పూలు కోసిన రాత్రే మొదలుపెట్టొచ్చు, కానీ అది బరువు, వంటగది గట్టు మీద చాలా చోటు కావాలి, మాకు అంత గట్టు లేదు. ఆ పూలని ఎలాగూ చల్లని క్రీమ్‌లో ఒకటి రెండు రాత్రులు ఉంచాల్సిందే కాబట్టి, మల్లె విషయంలో ఆ ఇరవై నాలుగు గంటల తేడా నాకు ఇప్పుడు పెద్దగా తెలియడం లేదు. పూలు కోసిన సాయంత్రమే గిన్నె ఫ్రీజర్‌లోకి, పూలు క్రీమ్‌లోకి, రెండూ మర్నాటి రాత్రికి సిద్ధం. గిన్నె ఏడాదంతా ఫ్రీజర్‌లో ఉండక్కర్లేకుండా పోయింది, ఇంట్లో మాటలూ తగ్గాయి. గులాబీకి మాత్రం ఇప్పటికీ విసుగే, దాన్ని కోసిన పూటే వాడాలి, ఆ పూటకి గిన్నె సిద్ధంగా ఉండదు.

నలుగురు తినే ఇల్లు, ఫ్రీజర్‌లో ఒక అర ఖాళీ, సొంత మల్లెమొక్క ఉంటే కొనుక్కోమనే అంటాను. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా, ముందు తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకుని ఒక నెల వాడి చూడండి. బఠాణీల సంచి తలుపు దగ్గర పెట్టకండి.