బ్రౌన్ తీర్పు, నిధుల కోత, గ్రీన్ తీర్పు: బడి తలుపు నిజంగా తెరిచింది ఏది?

అమెరికా బడుల్లో నల్లవాళ్ళ పిల్లల్ని విడిగా ఉంచే పద్ధతి ఎలా పోయిందని అడిగితే అందరూ 1954 నాటి బ్రౌన్ తీర్పు పేరే చెబుతారు. సుప్రీంకోర్టులోని తొమ్మిది మంది జడ్జీలదీ ఒకటే మాట, విడదీయడమే అసమానత అని. దాంతో 'విడిగా ఉంచినా సమానంగా ఉంటే చాలు' అన్న 1896 నాటి ప్లెసీ తీర్పు బడుల వరకు చెల్లకుండా పోయింది. బాగానే ఉంది, కానీ మరుసటి ఏడాది అమలు సంగతి తేల్చమంటే అదే కోర్టు త్వరగా కానివ్వమందే తప్ప గడువు పెట్టలేదు. గడువు లేకపోతే ఎగ్గొట్టేవాడికి పండగే కదా! వర్జీనియా రాష్ట్రంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అయితే పిల్లల్ని కలపడం ఇష్టంలేక 1959లో ప్రభుత్వ బడులన్నిటికీ తాళం వేసేసి 1964 దాకా తీయలేదు.

1964 పౌరహక్కుల చట్టం జేబు మీద కొట్టింది: వివక్ష చూపిస్తే కేంద్ర నిధులు ఆపేస్తారు. బడులు నడిపే స్థానిక బోర్డులు కదిలాయి, అయితే ఎంత కదిలాయో తెలియాలంటే వర్జీనియాలోనే ఉన్న న్యూ కెంట్ కౌంటీని చూడాలి. అక్కడ ఉన్నవి రెండే బడులు, న్యూ కెంట్ తెల్లవాళ్ళది, వాట్కిన్స్ నల్లవాళ్ళది. జనం మాత్రం కౌంటీ అంతటా కలిసే ఉండేవాళ్ళు, అందుకని 21 బస్సులు అవే దారుల్లో తిరుగుతూ, 11 వాట్కిన్స్‌కి, 10 న్యూ కెంట్‌కి, పిల్లల్ని ఏరుకుని పోయేవి. నిధులు పోతాయన్న భయంతో 1965లో బోర్డు 'మీకు నచ్చిన బడి మీరే ఎంచుకోండి' అంది. వినడానికి ఎంత బాగుందో! మూడేళ్ళలో ఒక్క తెల్ల పిల్లవాడు కూడా వాట్కిన్స్‌ని ఎంచుకోలేదు, నల్ల పిల్లల్లో 85 శాతం అక్కడే ఉండిపోయారు.

1968లో ఈ న్యూ కెంట్ కేసులోనే సుప్రీంకోర్టు ఇచ్చిన గ్రీన్ తీర్పు ఈ నాటకానికి తెర దించింది. ఎంచుకునే భారం తల్లిదండ్రుల మీద వేస్తే కుదరదు, రెండు రకాల బడులు లేకుండా చేయాల్సింది బోర్డే, అదీ ఇప్పుడే ఫలితం కనిపించే ప్లాన్‌తో అని తేల్చింది. మరుసటి ఏడాది ఇంకో తీర్పులో 'వెంటనే' అనేసింది. దక్షిణాది బడులు పెద్ద ఎత్తున కలిసింది ఆ తర్వాతే. బ్రౌన్ లేకపోతే గ్రీన్ లేదు, నిజమే, అయినా ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు గ్రీన్‌కే. నష్టం లేదనను: కలిపే పేరుతో చాలాచోట్ల మూతపడింది నల్లవాళ్ళ బడులే, ఉద్యోగాలు పోయింది నల్ల టీచర్లకే.

ఇంకో చిక్కుంది, ఇదంతా ఒకే బోర్డు కింద ఉన్న బడులకే పనికొచ్చింది. డెట్రాయిట్‌లో తెల్ల కుటుంబాలు శివార్లకు వెళ్ళిపోయాక నగరాన్నీ శివార్లనూ కలిపి ప్లాన్ వేస్తే, 1974లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేసింది. అక్కడికి ఈ మూడింట్లో ఏదీ పనికిరాలేదు.