60 పీఎస్ఐ పైపును ఆరు కేజీలదని అమ్ముతున్నారు, జాగ్రత్త

అనంతపురంలో బోరు నుంచి తోటకు పీవీసీ పైపులైను వేసుకోబోయే రైతన్నలు ఇది చదివి కొనండి. ఇక్కడ ఒక అంగడిలో ఆరు కేజీల ఒత్తిడి తట్టుకునే పైపు అడిగితే మాకు నాలుగు కేజీలది అంటగట్టినారు.

బిల్లులో కేజీలు రాయలేదు, 60 పీఎస్ఐ అని రాసినారు. ఇదేమని అడిగితే "అరవై అంటే ఆరే కదన్నా, సున్నా తీసేయ్" అన్నాడు అంగడాయన. పచ్చి అబద్ధం. కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో ఒత్తిడి. పీఎస్ఐ అంటే చదరపు అంగుళం మీద ఒక పౌండు ఒత్తిడి. ఒక కేజీకి 14.2 పీఎస్ఐ. 60ని 14.2తో భాగించండి, 4.2 వస్తుంది. నిజంగా ఆరు కేజీలదైతే 85 పీఎస్ఐ ఉండాల. బార్ అని రాసుంటే మాత్రం భయం లేదు, ఒక బార్ అంటే 1.02 కేజీ, దాదాపు ఒకటే.

పైపు మీద అచ్చులో 0.4 ఎంపీఏ అనే ఉంది. ఎంపీఏ అంటే మెగాపాస్కల్, ఒక మెగాపాస్కల్‌కు 10.2 కేజీలు. అంటే ఇది నాలుగు కేజీల పైపు, పీఎస్ఐలో 58. కంపెనీ సరిగ్గానే అచ్చు వేసింది, మోసమంతా అంగట్లోనే జరిగింది.

రెండు కేజీల తేడాకు ఇంత గొడవా అనుకోవద్దు. నీళ్లు 33 అడుగుల ఎత్తు ఎక్కాలంటేనే ఒక కేజీ కావాల. మా చీనీ తోట బోరు కంటే వంద అడుగులు పైన, గట్టు మీద ఉంది. ఆ ఎత్తుకే మూడు కేజీలు పోతాయి. చివర డ్రిప్పర్లకు సుమారు ఒక కేజీ ఉండాల. ఫిల్టరు, పైపు పొడవునా రాపిడి వేరే. పైగా కరెంటు పోయి మోటారు ఉన్నట్టుండి ఆగితే, పైకెక్కిన నీళ్లు వెనక్కి తన్ని ఒత్తిడి ఒక్కసారిగా ఎగురుతుంది. ఇంకొకటి, పైపుకిచ్చే ఆ అంకె 27 డిగ్రీల వేడికి కట్టిన లెక్క. మన ఎండకు కాగిన పీవీసీ అంత కూడా తట్టుకోదు, అందుకే పైన పరిచిపెట్టకుండా లోతుగా పూడ్చండి.

మా లైను నిలువునా చీలిపోయింది. పైపుల డబ్బు పోతే పోయింది, సరిగ్గా పిందె నిలిచే సమయంలో నీళ్లు అందక అది రాలిపోయింది. ఏడాది పంట అది. అంగడాయన ఇప్పుడు బిల్లు చూపించి "రాసినదే కదా ఇచ్చినాం" అంటున్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినాం.

బిల్లులో కేజీలు గానీ ఎంపీఏ గానీ రాయించుకోకుండా డబ్బు కట్టొద్దు. బండి వచ్చినాక లోడు దించకముందే అచ్చు చదవండి. ఆరు కేజీలదని చెప్పి 0.6 ఎంపీఏ అని లేకపోతే బండిని అట్లే వెనక్కి పంపండి. గాడి పూడ్చినాంక ఎవరూ వాపసు తీసుకోరు.