వైఫై 5, 6, 7 రూటర్లు: వేగం దేనివల్ల పెరుగుతుంది, సిగ్నల్ దేనివల్ల ఆగుతుంది

పెట్టె మీద 7 అంకె ఉంటే వెనక పడకగదిలో కూడా సిగ్నల్ బాగా అందుతుందన్న ఆశతో రూటర్ మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ గదిలో వైఫై 5 రూటర్‌తో అందనిది వైఫై 7 రూటర్‌తో కూడా దాదాపు అందదు. రూటర్ ఎంత పవర్‌తో ప్రసారం చేయాలన్నది ప్రభుత్వ నియమం నిర్ణయిస్తుంది, జనరేషన్ మారినా ఆ హద్దు మారదు. వాడేవి కూడా ఎక్కువగా అవే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు, అంటే రేడియో తరంగాల శ్రేణులు. కొత్త జనరేషన్ వల్ల దగ్గరున్నప్పుడు అదే సిగ్నల్‌లో ఎక్కువ డేటా పడుతుంది, ఒకేసారి చాలా పరికరాలు వాడుతున్నప్పుడు వంతులు సక్రమంగా అందుతాయి. గోడ దాటే బలం మాత్రం పెద్దగా పెరగదు.

పోల్చడానికి ఒకే కంపెనీ మోడళ్లు తీసుకుంటే తేడా తేలిగ్గా తెలుస్తుంది. టీపీ-లింక్‌లో ఆర్చర్ సీ50, సీ6 వైఫై 5 రూటర్లు. ఏఎక్స్23, ఏఎక్స్53 వైఫై 6. బీఈ230 వైఫై 7. వేరే కంపెనీ రూటర్ కొన్నా చూడాల్సినవి ఇవే.

ముందు పెట్టె మీది అంకెల సంగతి. ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే 6, బీఈ అంటే 7. ఏసీ1200 అంటే 1200 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. 5 గిగాహెర్ట్జ్‌లో 867, 2.4లో 300, రెండూ కూడి గుండ్రం చేసిన లెక్క అది. ఏఎక్స్1800లో (ఏఎక్స్23) 1201, 574. ఏఎక్స్3000లో (ఏఎక్స్53) 2402, 574. బీఈ3600లో (బీఈ230) 2882, 688. మీ ఫోన్ మామూలుగా ఒక సమయంలో ఒక బ్యాండ్‌కే కనెక్ట్ అవుతుంది కాబట్టి మీకు పనికొచ్చేది పెద్ద అంకె ఒక్కటే. అది కూడా లింక్ స్పీడ్, అంటే ఫోన్, రూటర్ తమ మధ్య కుదుర్చుకున్న వేగం మాత్రమే. చేతికొచ్చేది అందులో సుమారు అరవై, డెబ్బై శాతం. అంటే 867 లింక్ మీద అదే గదిలో 500 నుంచి 600, 1201 మీద 700 నుంచి 850 దాకా చూడొచ్చు. పాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫై 4లో ఒక యాంటెన్నా ఫోన్‌కు లింకే 72, చేతికొచ్చేది 45 నుంచి 50. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్న ఇంట్లో ఫోన్‌లో 45 దాటడం లేదంటే ఆపరేటర్‌ని తిట్టే ముందు ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందో చూడండి. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగుల్లో కనెక్ట్ అయిన పేరు పక్కనున్న గుర్తు నొక్కితే లింక్ స్పీడ్, బ్యాండ్ రెండూ కనబడతాయి.

ఫోన్ హద్దు కూడా గుర్తుంచుకోవాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఒకే యాంటెన్నా, వైఫై 5, లింక్ 433. అలాంటి ఫోన్‌కు ఏఎక్స్53 పెట్టినా సీ6 పెట్టినా ఒకటే. ఐఫోన్లలో వైఫై 6 మొదలైంది 2019లో వచ్చిన ఐఫోన్ 11తో, సామ్‌సంగ్‌లో గెలాక్సీ ఎస్10తో. ల్యాప్‌టాప్‌లో పాత కార్డు ఉంటే ఇంటెల్ ఏఎక్స్210 కార్డు తెచ్చి మార్పించుకోవడం రూటర్ మార్చడం కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. కార్డు మదర్‌బోర్డుకే అతికించి ఉందేమో ముందు చూడాలి.

ఇక అసలు మోసపోయే చోటు పోర్టులు. సీ50, సీ6 రెండింటి పెట్టెల మీదా ఏసీ1200 అనే ఉంటుంది. సీ50 వెనక పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి, సీ6వి గిగాబిట్. 200 ప్లాన్ తీసుకుని సీ50 పెడితే ఎక్కడ నిలబడి చూసినా 94, 95 దగ్గర ఆగిపోతుంది. గాలిలో 867 ఉన్నా లోపలికి వచ్చే దారి అంతే. 100 దాటిన ప్లాన్ ఉన్నా స్పీడ్ టెస్ట్‌లో ప్రతిసారీ 93, 95 మధ్య గీత గీసినట్టు ఆగుతోందంటే అది వైఫై లోపం కాదు, ఎక్కడో ఒక 100 పోర్టో, వైరో అడ్డం ఉంది.

ఆపరేటర్ పెట్టె, రూటర్ రెండింటి పోర్టులూ గిగాబిట్ అయినా అదే అంకె వస్తుంటే వైర్ చూడండి. ల్యాన్ వైరులో ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 నాలుగు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. వైరు కొసకు కనెక్టర్ హడావుడిగా బిగించినప్పుడు (క్రింప్ చేసినప్పుడు) నాలుగే కొసదాకా చేరడం, లేదా బ్రౌన్ జంట కనెక్టర్ లోపల కాస్త వెనక్కి ఉండిపోవడం తరచూ జరుగుతుంది. లింక్ కలుస్తుంది, నెట్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కనెక్టర్ క్లిప్ కిందికి పెట్టి పట్టుకుని చూస్తే పారదర్శక ప్లాస్టిక్‌లోంచి ఎడమ నుంచి కుడికి తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు బ్రౌన్, బ్రౌన్ వరసగా కనబడాలి. ఎనిమిది రాగి కొసలూ ముందు అంచును తాకి ఉండాలి. చౌక వైర్లలో రాగి పూత వేసిన అల్యూమినియం తీగ ఉంటుంది, పదేపదే వంచితే లోపల విరగొచ్చు. అసలు రాగి ఉన్న క్యాట్ 5ఈ గిగాబిట్‌కు సరిపోతుంది. కొత్తగా లాగిస్తుంటే క్యాట్ 6 వేయించండి.

వైఫై 5 నుంచి 6కు మారితే నిజంగా తెలిసే తేడా ఒక్క ఫోన్ స్పీడ్ టెస్ట్‌లో కన్నా, సాయంత్రం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఎక్కువ. టీవీలో సినిమా, ఒకరు ఆఫీసు వీడియో కాల్, పిల్లల గేమ్, నాలుగు కెమెరాలు. పాత పద్ధతిలో ఛానెల్ మొత్తం ఒకసారికి ఒక్క పరికరానిదే, మిగతావి తమ వంతు వచ్చేదాకా ఆగాలి. వైఫై 6లో ఒకే ప్రసారంలో ఛానెల్‌ను ముక్కలు చేసి పలువురికి పంచే ఏర్పాటు ఉంది. కాకపోతే అది వైఫై 6 పరికరాల మధ్యే పనిచేస్తుంది. ఇంట్లో ఫోన్లన్నీ పాతవైతే ఆ లాభం సగం పోతుంది. మరొకటి, 5లో 2.4 గిగాహెర్ట్జ్ అసలు మెరుగుపడలేదు, అక్కడ వైఫై 4 పద్ధతే నడుస్తుంది. 6తో ఆ బ్యాండ్ కూడా కొత్త పద్ధతిలోకి వచ్చింది. దూరపు గదికి చేరేది 2.4 కాబట్టి ఈ మార్పు విలువైనది.

ఏఎక్స్23కీ ఏఎక్స్53కీ ముఖ్యమైన తేడా 160 మెగాహెర్ట్జ్ ఛానెల్ వెడల్పు, అంటే డేటా వెళ్లే దారి వెడల్పు. 2402 లింక్ రావాలంటే ఆ వెడల్పు కావాలి. మన దగ్గర 5 గిగాహెర్ట్జ్‌లో 160 పెట్టాలంటే రాడార్లు వాడే ఛానెళ్లు కలపక తప్పదు. అందుకే ఆ సెట్టింగ్ పెట్టాక రూటర్ ఆన్ చేస్తే ఒక నిమిషం పాటు 5 గిగాహెర్ట్జ్ పేరు కనబడదు. ముందు రాడార్ ఉందేమో విని, లేకపోతేనే ప్రసారం మొదలెడుతుంది. నడుస్తుండగా రాడార్ సంకేతం అనిపిస్తే ఛానెల్ మార్చేస్తుంది, ఆ క్షణంలో వీడియో కాల్ తెగుతుంది. విమానాశ్రయాలు, వాతావరణ రాడార్ల చుట్టుపక్కల ఇది ఎక్కువ. పైగా ఐఫోన్లు చాలావరకు 5 గిగాహెర్ట్జ్‌లో 80 దాటి తీసుకోవు. ఇంట్లో 160 తీసుకునే ల్యాప్‌టాప్ లేకపోతే 80కి దించి, 36 నుంచి 48 లేదా 149 నుంచి 161 ఛానెళ్లలో ఉంచడమే మంచిది. 300 ఎంబీపీఎస్ లోపు ప్లాన్‌కు ఏఎక్స్23 చాలు.

వైఫై 7 సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది. దాని అసలు బలం 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 320 మెగాహెర్ట్జ్ వెడల్పు. బీఈ230లో ఆ బ్యాండే లేదు, 2.4, 5 మాత్రమే. 2882 రావాలన్నా 160 వెడల్పు కావాలి, ఫోన్ కూడా వైఫై 7ది అయి ఉండాలి, రూటర్ ఉన్న గదిలోనే ఉండాలి. అంత దట్టంగా డేటా నింపే పద్ధతి సిగ్నల్ కాస్త తగ్గగానే కిందికి దిగిపోతుంది. అయినా ఆ రూటర్ తీసిపారేయదగ్గది కాదు. రెండు 2.5 గిగాబిట్ పోర్టులున్నాయి. గిగాబిట్ దాటిన ప్లాన్ ఉన్నా, ఇంట్లో వైర్ మీద పెద్ద ఫైళ్లు తిప్పే స్టోరేజ్ పెట్టె ఉన్నా దానికి అర్థం ఉంది. 100, 200 ప్లాన్ ఇంటికి లేదు.

మన దేశంలో 6 గిగాహెర్ట్జ్ కింది భాగాన్ని, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా, లైసెన్స్ లేకుండా వాడుకునే ముసాయిదాను టెలికాం శాఖ 2025 మేలో ఇచ్చింది, తుది నియమాలు 2026 జనవరిలో వచ్చాయి. అమెరికాలో 2020లోనే 1200 మెగాహెర్ట్జ్ మొత్తం తెరిచారు. ఇక్కడి 500లో 320 వెడల్పు ఛానెల్ ఒక్కటే పడుతుంది. కాబట్టి అమెరికా నుంచి వచ్చేవాళ్లతో ట్రై-బ్యాండ్ (6 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న) రూటర్ తెప్పించుకోవాలనుకునేవారు ఒకసారి ఆగండి. అక్కడి ఛానెళ్ల లెక్కతో నడిచే రూటర్‌లో దేశం మార్చే వీలు చాలాసార్లు ఉండదు, వారంటీ ఇక్కడ నడవదు.

అక్కడి రివ్యూల్లో చెప్పే చదరపు అడుగుల లెక్క కూడా మనకు పనికిరాదు. అక్కడి ఇళ్ల లోపలి గోడలు ఎక్కువగా కర్ర చట్రం మీద బిగించిన జిప్సం బోర్డులు, సిగ్నల్ తేలిగ్గా దాటుతుంది. మన లోపలి గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక, బయటిది తొమ్మిది. హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న ఎత్తైన టవర్లలో చాలావాటికి మైవాన్ పద్ధతిలో గోడలన్నీ ఇనుప చువ్వలతో పోసిన కాంక్రీటే. ఇటుక గోడ ఒకటి దాటి 5 గిగాహెర్ట్జ్ బాగానే వస్తుంది, రెండోది దాటాక నీరసిస్తుంది. మైవాన్ గోడ ఒకటే చాలు దాన్ని కుంగదీయడానికి. డూప్లెక్స్‌లో, జీ ప్లస్ వన్ ఇళ్లలో స్లాబ్ దాటి పై అంతస్తుకు 5 గిగాహెర్ట్జ్ ఆశించకండి. మెట్ల దగ్గర ఖాళీలోంచి వచ్చేదే వస్తుంది.

గదిగదికీ వెళ్లి వైఫై అనలైజర్ లాంటి యాప్‌తో డీబీఎం, అంటే సిగ్నల్ బలం కొలత, చూడండి. మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బలం. మైనస్ 65 లోపు బాగు, 70 దాకా నడుస్తుంది, 75 దాటితే వీడియో కాల్ తెగుతుంది. గీతలు నిండుగా ఉన్నా వాట్సాప్‌లో ఫొటో వెళ్లక తిరుగుతూ ఉంటే ఒక కారణం ఫోన్ ప్రసార బలం రూటర్ కన్నా తక్కువ కావడం. రూటర్ మాట ఫోన్‌కు వినబడుతుంది, ఫోన్ మాట రూటర్‌కు చేరదు. అందుకే యాంటెన్నాలు ఎక్కువున్న రూటర్ కొన్నంత మాత్రాన ఈ జబ్బు పోదు.

పోయేది చోటు మారిస్తే. ఫైబర్ వచ్చే పెట్టెను టెక్నీషియన్ గుమ్మం పక్కనో, చెప్పుల స్టాండ్ మీదో, అటక మీదో పెట్టి వెళతాడు, అతనికి దగ్గర దారి అది. ఇంటి నడిమధ్య, మనిషి ఛాతీ ఎత్తున, టీవీ వెనక కాకుండా, ఫ్రిజ్, ఇనుప బీరువా, పెద్ద అద్దం అడ్డం లేకుండా ఉండాలి. కనెక్షన్ పెట్టే రోజే పట్టుబట్టి హాల్లోకి వేయించుకోండి. ఫైబర్ వైరు మడత పడకూడదు. పెట్టె సెట్టింగుల్లో అందే కాంతి బలం మైనస్ 27 డీబీఎం దగ్గరకు పడిపోతే లైన్ తరచూ తెగుతుంది.

ఇంట్లో రెండో వైఫై పాయింట్ తప్పనిసరైతే ప్లగ్‌లో గుచ్చే ఎక్స్‌టెండర్ ఆఖరి దారి. చాలావరకు ఒకే రేడియోతో విని మళ్లీ అదే రేడియోతో చెబుతుంది కాబట్టి వేగం సగానికి పడుతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే పంచడానికి దాని దగ్గర ఏమీ ఉండదు, సగం దారిలో పెట్టాలి. మెష్, అంటే ఒకే పేరుతో కలిసి పనిచేసే పెట్టెల సెట్టు, మేలు, అదీ రెండు పెట్టెల మధ్య వైర్ ఉంటే. గోడలో కేబుల్ టీవీ కోసం వేసిన పైపు చాలా ఇళ్లలో ఖాళీగా ఉంది, దాంట్లోంచి క్యాట్ 6 లాగొచ్చు. కరెంటు వైర్లున్న పైపులోకి మాత్రం తోయకూడదు. రెండు మామూలు వైఫై 6 రూటర్లు, మధ్యలో వైర్ ఉంటే, మూల గదిలోని ఒక్క వైఫై 7 రూటర్ కన్నా ఇల్లంతా బాగా నడుస్తుంది.

ఆపరేటర్ పెట్టెకు మీ రూటర్ కలిపేటప్పుడు యాక్సెస్ పాయింట్ మోడ్ ఎంచుకోండి, అందులో మీ రూటర్ వైఫై మాత్రమే ఇస్తుంది. ఆ మోడ్ లేని పాత రూటర్‌ను రెండో పాయింట్‌గా వాడాలంటే ముందు దాని చిరునామా మార్చాలి. ఉదాహరణకు జియో ఫైబర్ పెట్టె 192.168.29.1 అయితే దీనికి 192.168.29.2 ఇవ్వండి. తర్వాత డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, వైరును వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వైరు పెట్టేది) కాక ల్యాన్ పోర్టులో పెట్టండి. రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు ఆపరేటర్ పెట్టె వైఫై ఆపడం మరిచిపోతే రెండూ ఒకే ఛానెల్ మీద కొట్టుకోవచ్చు.

స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, చవక కెమెరాలు చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. కొత్త రూటర్‌లో సెక్యూరిటీ కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే వాటిలో చాలావి చేరవు, డబ్ల్యూపీఏ2, 3 కలిసిన ఎంపిక పెట్టండి. స్మార్ట్ కనెక్ట్ (రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఇచ్చే సెట్టింగ్) వల్ల చేరకపోతే దాన్ని ఆపి, 2.4కు వేరే పేరు ఇవ్వండి. అపార్ట్‌మెంట్‌లో ఆ బ్యాండ్ వెడల్పు 20కి, ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చండి.

కరెంటు పోతే వాడే మినీ యూపీఎస్ కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాత రూటర్‌కు 12 వోల్టులు 1 ఆంపియర్ సరిపోయి ఉంటుంది. కొత్త రూటర్లు కొన్ని 1.5, 2 ఆంపియర్లు అడుగుతాయి. ఫైబర్ పెట్టె, రూటర్ రెండూ ఒకే 2 ఆంపియర్ల యూపీఎస్ మీద పెడితే కరెంటు ఉన్నంతసేపూ బాగుంటుంది, పోయిన మరుక్షణం రూటర్ రీస్టార్ట్ కావొచ్చు. రెండు అడాప్టర్ల మీద ముద్రించిన ఆంపియర్లు కూడి, అంతకన్నా కాస్త ఎక్కువున్న యూపీఎస్ తీసుకోండి. వోల్టులు కూడా చూడండి, 9 వోల్టుల పెట్టెకు 12 వోల్టుల పిన్ను సరిగ్గా దూరవచ్చు, దూరింది కదా అని పెట్టకూడదు.